గ్యారేజీకి వస్తే ఆరిపోయే గేరు లైటు

కార్ల వైరింగ్ పనిలో నేను ఎక్కువసార్లు అన్న మాట "అర్థం కావడం లేదు". పని మానేసే నాటికి కూడా అంటూనే ఉన్నాను. పాలిటెక్నిక్ చదివి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీరెట్ల నేర్చుకున్నరు?" అని అడుగుతుంటారు. కరెంటు కొలిచే మీటరు పట్టుకోవడం కొన్నాళ్ళలో వచ్చేస్తుంది. అర్థం కానప్పుడు కస్టమర్ ముఖం చూస్తూ ఆ మాట పైకి చెప్పి, చెప్పాక కూడా కారు దగ్గర నుంచి లేచి వెళ్ళిపోకుండా ఉండడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాది చౌటుప్పల్ పక్కన పల్లె. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టీవీ రిపేర్ షాపులో పనికి కుదిరాను. టీవీ బాగుచేయించుకునే కంటే కొత్తది కొనుక్కోవడం నయం అని జనం అనుకునే రోజులు రాగానే ఆ షాపు మూతపడింది. అప్పటికే కార్లలో చిన్న చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిని ముట్టుకోవడానికి మెకానిక్కులు భయపడేవాళ్ళు. అలా కొత్తపేట వెనక సందులో యాదగిరి నడిపే గ్యారేజీలో చేరాను. చివరి వరకూ అక్కడే ఉన్నాను. జీతాలు ఎప్పుడెంత పెరిగాయో నాకు గుర్తుంది కానీ దానివల్ల మీకు ఉపయోగం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టిన ఒక లైటు గురించి చెబుతాను.

లైటు చెప్పేది, చెప్పనిది

ఆటోమేటిక్ కారులో గేరు మార్చే పని కారుదే. ఎడమ కాలికి క్లచ్ ఉండదు. ఎప్పుడు ఏ గేరు వేయాలో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానికి ఏదైనా తేడాగా తోస్తే మీటరు బోర్డు మీద గేరు గుర్తు వెలుగుతుంది, లేదా కొన్ని పాత మోడళ్ళలో 'డి' అక్షరం మిణుకుమిణుకుమంటుంది. తనను తాను కాపాడుకోవడానికి గేర్‌బాక్స్ ఒకే గేరులో బిగుసుకుపోతుంది. ఇంజను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం ఎద్దులా మొరాయిస్తుంది.

ఆ లైటు చూడగానే అందరూ అనే మాట, "గేర్‌బాక్స్ పోయింది." లైటు ఆ మాట అనదు. "నాకు ఏదో అనుమానంగా ఉంది" అని మాత్రమే అంటుంది. పాత కారులో ఆ అనుమానం చాలాసార్లు గేర్‌బాక్స్‌లో ఉండదు. బ్యాటరీ నీరసించినా, బాడీకి బిగించిన ఎర్త్ తీగ తుప్పు పట్టినా ఈ లైటే వెలుగుతుంది. హయత్‌నగర్ నుంచి ఒకాయన వేరే గ్యారేజీలో గేర్‌బాక్స్ దించడానికి రోజు కూడా ఖాయం చేసుకుని, చివరి ప్రయత్నంగా మా దగ్గరికి వచ్చాడు. బ్యాటరీ కొనకు పట్టిన తెల్లటి పొట్టు గీకి, నట్టు బిగించాను. అంతే. ఆయన నన్ను నమ్మలేదు. ఇంత చిన్నదానికి అంత పెద్ద లైటా అన్నాడు.

కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ గురించి కూడా ఒక మాట. అది ఫిర్యాదు రాసుకునే గుమాస్తా లాంటిది. ఎవరు ఫిర్యాదు చేశారో చెబుతుంది. తప్పు ఎవరిదో చెప్పదు. దాని తెర మీద వచ్చిన మొదటి వాక్యం చదివి సామాన్లు ఆర్డర్ పెట్టేవాళ్ళను నేను మెకానిక్కులని ఒప్పుకోను.

అయితే ఎప్పుడూ వైరే అని కూడా అనుకోకండి. బోడుప్పల్ డాక్టరుగారి కారు వచ్చినప్పుడు నేను రోజుల తరబడి తీగలు వెతికాను. యాదగిరి మొదటి రోజే చెప్పాడు, గేర్‌బాక్స్ లోపల ప్లేట్లు అరిగిపోయాయని. విప్పితే ఆయన చెప్పిందే నిజం. ఆ కారు గుర్తొచ్చినప్పుడల్లా నా చేతిలో మీటరు ఉన్నా ధైర్యం సగమే ఉండేది.

యాదగిరి పద్ధతి

యాదగిరి మంచి చేతిపనివాడు. గేర్‌బాక్స్ శబ్దం విని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పగలడు. మనిషి కూడా మంచివాడే. ఆడమనిషి కారు కింద పడుకోవడమేంటని ఎవరైనా నవ్వితే, "నీ బండి కిందికి నువ్వు దూర్తవా? దూరు. అక్క కుర్చీల కూసుంటది" అనేవాడు.

ఆయనకు సరిపడని మాట ఒక్కటే. కస్టమర్ ముందు నేను "అర్థం కావడం లేదు" అంటే చాలు, నన్ను పక్కకు పిలిచేవాడు.

"కరుణక్కా, గట్లనకు. దవాఖానకు పోతే డాక్టర్ నాకు సమజైతలేదు అంటడా?"

"సమజు కానప్పుడు అనాలె కద."

"అంటే పేషెంట్ లేచి పక్క దవాఖానకు పోతడు. ఏదో ఒకటి చెప్పాలె. చెప్పి, విప్పాలె. విప్పినంక అదే తెలుస్తది."

'విప్పితే తెలుస్తుంది' అన్నది మా గ్యారేజీ సందులో అందరి పద్ధతీ. కొన్ని పనులకు అది సరైనదే. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కాదు. ఏళ్ళ తరబడి లోపల ఒకదానికొకటి అలవాటుపడిన భాగాలను విప్పి మళ్ళీ కూర్చితే అవి మునుపటిలా కలిసి ఉంటాయన్న హామీ లేదు. అనుమానం మీద విప్పిన బాక్సు నిజంగా పాడైన సందర్భాలు ఆ సందులోనే చూశాను.

శారదగారి కారు

శారదగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. ఇల్లు వనస్థలిపురంలో. వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడిపోయింది, కాలికి ఆసరాగా లోహపు కాలిపర్ వేసుకుని నడుస్తారు. క్లచ్ తొక్కలేరు కాబట్టి వేరే కారు నడపలేరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ పాత ఆటోమేటిక్ కారే ఆమె రాకపోకలు. అది లేకపోతే అన్నయ్య రమణమూర్తిగారు దింపాలి. ఆయన దింపినన్నాళ్ళు దింపి, "ఇంక ఎందుకమ్మా ఈ ఉద్యోగం" అనేవారు. ఆ మాట పడలేకే ఆమె కారు కొన్నారు.

మొదటిసారి ఒక సోమవారం వచ్చారు. అంతకు ముందు రోజుల్లో ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర డి అక్షరం మిణుకుమిణుకుమందట, బండి బిగుసుకుపోయిందట.

"ఇప్పుడు లేదు కదా మేడం," అన్నాను మీటరు బోర్డు చూసి.

"అదేనండీ నా బాధ. మీ గేటులోకి వచ్చేసరికి బుద్ధిమంతురాలైపోతుంది."

"ఎప్పటి నుంచి ఇట్ల?"

"దసరా అయ్యాక మొదలైంది."

"దసరాకు ముందు కారుకు ఏమన్నా పని చేయించిండ్రా?"

"లేదండీ. ఏమీ చేయించలేదు."

స్కానర్ పెడితే పాత ఫిర్యాదు ఒకటి దొరికింది. బ్రేకు తొక్కినట్టూ తొక్కనట్టూ సంకేతం వస్తోందని గేరు కంప్యూటరు చెబుతోంది. బ్రేకు పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కాలు పెట్టగానే వెనక ఎర్ర లైట్లు వెలిగించేది, గేరు కంప్యూటరుకు కబురు చెప్పేది అదే. కొలిచి చూశాను, బాగానే ఉంది. అయినా పాతదని మార్చాను. బ్యాటరీ, ఎర్త్, ప్లగ్గులు అన్నీ చూశాను. ఏ కొలతలోనూ తేడా లేదు. ఆమె ధన్యవాదాలు చెప్పి వెళ్ళారు.

బుధవారం మళ్ళీ వచ్చారు. పొద్దున క్లాసుకు వెళ్తుంటే చింతలకుంట దాటగానే లైటు. మా దగ్గరికి వచ్చేసరికి లేదు. నేను పక్క సీట్లో కూర్చుని ఆమెతో కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలాం. ఖాళీ దొరికిన చోట వేగం పెంచమన్నాను. గేర్లు మెత్తగా మారాయి. ఒక్కసారి కూడా లైటు మిణుకుమనలేదు.

"నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారా?" అని అడిగారామె.

"లేదు మేడం. కారే అబద్ధం చెప్తున్నది. ఎవరితోనో తెలుస్తలేదు."

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. యాదగిరి గేర్ ఆయిల్ తీసి వేలికి రాసుకుని వాసన చూశాడు.

"గోధుమ రంగుకొచ్చింది అక్కా. లోపల ప్లేట్లు పోతున్నయ్. బోడుప్పల్ డాక్టర్ బండి యాదికుందా?"

యాదికుంది. అందుకే గట్టిగా కాదనలేకపోయాను. బండి వయసుకు ఆ రంగు సహజమే అన్నాను. "మరి లైటెందుకొస్తున్నది?" అన్నాడు. కారు ఆ రాత్రి మా దగ్గరే ఉంచుకుని, మర్నాడు నేనే నడిపి చూశాను. పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లలా వినయంగా నడిచింది. గురువారం సాయంత్రం తిరిగి ఇచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ కింద బండి బిగుసుకుపోయింది. వెనక విజయవాడ బస్సు. డ్రైవరు దిగివచ్చి, "నడపరాకపోతే ఇంట్ల కూసోవాలె గాని" అన్నాడట. ఆమె కాలిపర్‌తో దిగి ఎండలో పక్కన నిలబడితే ఎవరో ఆటోవాళ్ళు కారును పక్కకు నెట్టారు. కాసేపు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది. క్లాసు పోయింది. సాయంత్రం ఇంటి నుంచి అన్నాచెల్లెళ్ళిద్దరూ మా దగ్గరికి వచ్చారు. లైటు లేదు.

రమణమూర్తిగారు సూటిగా అడిగారు. "చూడండి మేడమ్. గేర్‌బాక్స్ పోయిందా, లేదా? నాకు ఒక్క మాట చెప్పండి."

"నాకు అర్థం కావడం లేదు సార్," అన్నాను.

యాదగిరి దగ్గాడు. "విప్పితే తెలుస్తది సార్. సోమవారం దించుత."

"దించేదాకా ఎందుకండీ. ఆదివారం పొద్దున కొనేవాళ్ళు వస్తున్నారు. ఎంతకైనా ఇచ్చేస్తాను. దారిలో ఆగిపోయే బండిలో మా చెల్లెల్ని పంపలేను."

ఆయన మాటలో తప్పు లేదు. ఆమె తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని కారు బానెట్ వైపు చూస్తూ నిలబడ్డారు. శనివారం ఒక్కటే మిగిలింది.

దించి రావాలి కదండీ

శనివారం పొద్దున నేను ఒక్కటే అడిగాను. "మేడం, ఈసారి లైటొస్తే బండి బందు చేయకుండ్రి. ఇంటికి పోకుండ్రి. అట్లనే నా దగ్గరికి రండి."

పదకొండు దాటాక ఫోన్. "వచ్చిందండీ. పనామా స్టాపు దగ్గరున్నాను. మిణుకుమంటోంది."

"మంచిగైంది. సీదా వచ్చేయండి."

"ఒక్కసారి ఇంటికెళ్ళి వచ్చేస్తాను. దగ్గరే కదా."

"ఇంటికెందుకు మేడం? ఏం పని?"

కాస్త మొహమాటంగా, "స్వామిని దించి రావాలి కదండీ," అన్నారు.

"ఏ స్వామి?"

"డాష్‌బోర్డు మీద వినాయకుడండీ. గ్యారేజీలో అందరూ చెప్పులతో ఎక్కుతారు, ఆయిల్ చేతులు... అందుకని మీ దగ్గరికి వచ్చేటప్పుడల్లా తీసి పూజగదిలో పెట్టి వస్తాను."

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో వాక్యం గోడ మీద ఉంటుంది, కారులో ఏమీ పెట్టుకోం. అయినా డాష్‌బోర్డు మీద దేవుళ్ళను వేల కార్లలో చూశాను. ఈ కారులో మాత్రం చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా అప్పటిదాకా నాకు తట్టలేదు.

"మేడం, ఆ స్వామికి లైటున్నదా?"

"ఉందండీ. బ్రేకు తొక్కితే స్వామి తల వెనక చక్రం వెలుగుతుంది. దసరాకి మా స్టూడెంట్స్ కొనిచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో షాపువాడు బిగించాడు."

"కారుకు ఏం పని చేయించలేదన్నరు కద?"

"అది కారుకి కాదు కదండీ," అన్నారామె. "దేవుడికి."

ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. నా ప్రశ్నకు ఆమె నిజమే చెప్పారు. అప్పటి నుంచి ఎవరినీ "ఏం పని చేయించారు?" అని అడగలేదు. "కారులోకి కొత్తగా ఏం వచ్చింది?" అని అడిగేదాన్ని. మీరూ అలాగే అడగండి.

"స్వామిని దించకుండ్రి మేడం. ఎవ్వరూ చెప్పులతోని ఎక్కరు. నేను పూచీ," అన్నాను.

ఆమె వచ్చేసరికి యాదగిరికి సంగతి చెప్పి ఉంచాను. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, చెప్పులు గేటు దగ్గర విడిచి వచ్చాడు. గేర్‌బాక్స్ దించుతానన్న మనిషి, అరచేయంత వినాయకుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కింద తీగలు వెతికాడు. మూడు తీగలు. ఒకటి ఎర్త్, ఒకటి తాళం తిప్పగానే కరెంటు వచ్చేది, ఒకటి బ్రేకు లైటు తీగకు కలిపింది.

బ్రేకు తీగకు మీటరు పెట్టాను. శారదగారిని కాలు పెడల్ మీద నుంచి తీసేయమన్నాను. సున్నా రావాలి. ఏడు వోల్టులు చూపించింది, ఇంజను నడుస్తున్న కొద్దీ ఇంకొంచెం పెరిగింది. వినాయకుడి ప్లగ్గు తీసేయమన్నాను. సున్నా. మళ్ళీ పెట్టాం. ఏడు.

ఆ చౌక దీపంలో నుంచి కొంత కరెంటు వెనక్కి బ్రేకు తీగలోకి కారుతోంది. పాత వెనక బల్బులు ఉండి ఉంటే ఆ కాస్త కరెంటును అవే మింగేసేవి. అదే షాపువాడు అదే రోజు స్వామి లైటుతో పాటే వెనక ఎల్ఈడీ బల్బులు కూడా ఊరికే వేశాడట, వాటినీ ఆమె దేవుడి లెక్కలోనే వేసుకున్నారు. అవి మింగలేవు. నేను వెనక లైటు మీద కొంగు కప్పి చూస్తే లోపల సన్నగా ఎరుపు కనిపించింది, ఎండలో ఎవరికీ కనపడనంత. ఆ కరెంటు పెరిగినప్పుడల్లా గేరు కంప్యూటరుకు మాత్రం ఆమె బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ నొక్కుతున్నట్టు తెలుస్తోంది. ఏం చేయాలో దానికీ అర్థం కాక బిగుసుకుపోతోంది. దాన్ని తప్పు పట్టలేం. వారం రోజులుగా నా పరిస్థితీ అదే.

"మూడు వైర్లక్కా," అన్నాడు యాదగిరి లేస్తూ. "సోమవారం బాక్సు దించుతుంటి."

"దించితే లైటు రాకపోతుండె."

"ఎందుకు?"

"బండి ఈడ్నే ఉంటుండె. స్వామి ఇంట్ల ఉంటుండె."

ఆయన తల గోక్కున్నాడు. "బాగు చేసిననే అనుకుంటుంటి," అన్నాడు నెమ్మదిగా. ఆ మాట మాత్రం ఆయన నిజాయితీ. చాలామంది అంత దూరం ఆలోచించరు.

కలవని ఒక్క రోజు

కథ ఇక్కడ ముగిస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ నాకు రోజులు సరిచూసుకునే అలవాటు. లైటు వచ్చిన ప్రతి రోజునూ శారదగారితో కలిసి మళ్ళీ లెక్క చూశాను. సోమవారానికి ముందువి, బుధవారం, శుక్రవారం, శనివారం, అన్ని రోజులూ స్వామి కారులోనే ఉన్నాడు. ఒక్క గురువారం కలవలేదు. నేను కారు తిరిగి ఇచ్చాక, మా దగ్గర నుంచి ఇంటికి వెళ్తున్నప్పుడు, ఒక్క క్షణం డి మిణుకుమని ఆరిపోయిందట. అప్పుడు స్వామి పూజగదిలో ఉన్నాడు.

"బాగా గుర్తుందా మేడం?"

"గుర్తుందండీ. సుష్మా థియేటర్ దగ్గర. భయపడి అన్నయ్యకి కూడా చెప్పలేదు."

తీగలన్నీ మళ్ళీ కొలిచాను. ఏమీ లేదు. భయంలో కన్ను చూసిందా, పాత ఫిర్యాదు లోపల మిగిలిందా, బోడుప్పల్ కారులా నిజంగానే లోపల ఏదో మొదలవుతోందా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదివారం పొద్దున రమణమూర్తిగారు కొనే మనిషితో కలిసి గ్యారేజీకే వచ్చారు. దొరికిన తప్పు చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, "అయితే ఇంక రాదన్నమాట," అన్నారు.

యాదగిరి నా వైపు చూశాడు. రాదు అంటే చాలు. కొనే మనిషి వెళ్ళిపోతాడు, ఆమె కారు ఆమెకు మిగులుతుంది. నాకూ ఆ మాట అనాలనే ఉంది.

"దొరికింది తీసేసినం సార్. ఒక్క గురువారం మాత్రం దీంతో కలుస్తలేదు. మళ్ళ వస్తదా అంటే నాకు తెల్వదు."

రమణమూర్తిగారు చెల్లెలి వైపు తిరిగారు. "విన్నావా? తెలియదంటున్నారు. తెలియని బండి ఎలా నడుపుతావమ్మా?"

"తెలియదన్నారు అన్నయ్యా. పోయింది అనలేదు." ఆమె గొంతు పెంచలేదు. "వారం నుంచి నాకు అందరూ ఏదో ఒకటి ఖాయంగా చెప్పారు. బాక్సు పోయిందని, నాకు నడపడం రాదని, ఉద్యోగం మానెయ్యమని. ఈవిడ ఒక్కరే తెలిసింది ఇంత, తెలియనిది ఇంత అని చెప్పారు. నేను క్లాసులో పిల్లలకి చెప్పేది కూడా అదేగా."

కొనడానికి వచ్చిన మనిషి గడియారం చూసుకున్నాడు. ఆయనను పంపించేయమని ఆమే అన్నారు.

వినాయకుడిని యాదగిరి తీగలు లేకుండా మళ్ళీ డాష్‌బోర్డు మీద నిలబెట్టాడు. "లైటు లేకుంటే స్వామికి కోపం రాదు కద మేడం?" అన్నాడు.

"ఆయనకి చీకటి కొత్తా," అన్నారు శారదగారు. "నాకు బండి ఉండాలి."

ఆమె కాలిపర్ సర్దుకుని కూర్చుని తాళం తిప్పారు. తాళం తిప్పగానే మీటరు బోర్డు మీద లైట్లన్నీ ఒకసారి వెలుగుతాయి, తమను తాము పరీక్షించుకుని ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆ కారులో గేరు లైటు అన్నిటికంటే చివర ఆరుతుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఆమె చూస్తున్నారు, వెనక రమణమూర్తిగారు కూడా వంగి చూస్తున్నారు. మిగతావన్నీ ఆరాయి. అది ఇంకా వెలుగుతోంది.

ఆరింది. ఆమె బ్రేకు మీద నుంచి కాలు తీసి, వీధిలోకి తిప్పారు.